పలకలు విప్పాకే లెక్క: పాత కార్ ట్రైలర్‌ను బాగుచేయాలా, మార్చాలా?

కార్లను ఎక్కించి లాక్కెళ్లే పాత కార్ ట్రైలర్ ఒక్కరోజులో పాడవదు. ముందు ఒక లైటు వెలగడం మానేస్తుంది. తర్వాత కారు నిలబడే డెక్ మీద ఒక చెక్క పలక కాలు పెడితే కుంగుతుంది. టైర్ల పక్కల్లో సన్నటి పగుళ్లు వస్తాయి. బ్రేకు వేస్తే ఒక చక్రం పట్టుకుంటుంది, మిగతా మూడూ తిరుగుతూనే ఉంటాయి. దేనికది చూస్తే చిన్న పనే. అందుకే చాలామంది కంటికి కనిపించిన వరసలో బాగుచేయిస్తూ పోతారు. ఈ నెల టైర్లు, వచ్చే నెల బ్రేకులు, ఆ తర్వాత కొత్త పలకలు. తీరా పాత పలకలు విప్పిన రోజున కింద C ఆకారంలో ఉండే ఇనుప దూలం, అంటే ఛానల్, పొరలు పొరలుగా ఊడి చేతికొస్తుంది. అప్పటికే కొత్త ట్రైలర్ ధరలో పెద్ద వాటా ఈ పాతదాని మీద పెట్టేసి ఉంటారు. నిండా మునిగాక చలేమిటని ఇంకాస్త పెడతారు.

తప్పంతా ఖర్చు పెట్టిన వరసలో ఉంది. టైర్లు, బేరింగులు, బ్రేకులు, వైర్లు, పలకలు, కమాన్ పట్టీలు, ఆఖరికి ఇరుసులు కూడా అరిగిపోయేవే, మార్చుకునేవే. బోల్టులు విప్పి కొత్తవి బిగిస్తే పని అయిపోతుంది. అలా మార్చడానికి వీల్లేనిది వీటన్నిటినీ మోసే ఇనుప చట్రం, ఛాసిస్ ఒక్కటే. దాన్ని మార్చడమంటే కొత్త ట్రైలర్ తయారు చేసుకోవడమే. కాబట్టి బాగుచేయాలా, మార్చాలా అన్న ప్రశ్నకు జవాబు ఛాసిస్ దగ్గరే తేలాలి. మిగతావన్నీ బిల్లు ఎంతవుతుందో చెబుతాయంతే. ఛాసిస్ సంగతి తెలియకముందే టైర్లు కొనడం, పునాది చూడకుండా ఇంటికి సున్నం వేయించడం లాంటిది.

పరీక్షకు పెద్ద సామాను అక్కర్లేదు. ఒక సుత్తి, గట్టి స్క్రూడ్రైవర్, వైరు బ్రష్, టార్చిలైటు, కొలత టేపు, పొడవాటి దారం చాలు. ఓపిక మాత్రం కాస్త ఎక్కువ కావాలి. కనీసం రెండు మూడు చోట్ల పలకలు విప్పాలి. మడ్‌గార్డుల దగ్గర, వెనక అంచు దగ్గర, ట్రైలర్‌ను లాగడానికి ముందుకు పొడుచుకొచ్చే డ్రాబార్ వచ్చి ఛాసిస్‌ను కలిసే చోట తప్పకుండా విప్పాలి. ఛానల్ పై రెక్కకీ చెక్కకీ మధ్య నీరు నిలిచి ఆరదు. ఇక ఛానల్ లోపలి వైపు కింది రెక్క మీద బురద పేరుకుంటుంది. చలి దేశాల్లో మంచు కరిగించడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు ఆ బురదలో కలిస్తే తుప్పుకు ఇంకేం కావాలి. ఛానల్‌కు వంగకుండా నిలిచే బలమంతా పై రెక్క, కింది రెక్కల్లోనే ఉంటుంది. మధ్య పలక ఎంత శుభ్రంగా కనిపించినా అది సగం కథే. తుప్పు సరిగ్గా ఆ రెండు రెక్కల్నే తింటుంది.

అన్ని తుప్పులూ ఒకటి కావు. బ్రష్‌తో రుద్దితే పోయే ఎర్రటి పొడి పైపై తుప్పు, దానికి భయపడనక్కర్లేదు. గుంటలు పడితే ఆలోచించాలి. పొరలు పొరలుగా ఉబ్బి, సుత్తితో కొడితే ఖంగుమనకుండా డబ్‌మని మొద్దు శబ్దం వస్తే లోహం పోయినట్టే. 5 మిల్లీమీటర్ల మందం ఉన్న రెక్కలో ఒక్క మిల్లీమీటరు తగ్గినా అయిదో వంతు పోయినట్టు. స్క్రూడ్రైవర్ మొన గుచ్చుకుపోయే చోటు ఒక్కటే ఉంటే, అది అడ్డ దూలంలో ఉంటే, ఆ దూలం కోసి కొత్తది వేయవచ్చు. పొడవాటి ప్రధాన ఛానల్‌లో అలాంటివి మూడు నాలుగు కనిపిస్తే అక్కడితో పరీక్ష ముగించి ట్రైలర్‌ను వదిలేయవచ్చు. రెండు ఇనుప ముక్కలు ఒకదాని మీద ఒకటి అతికి ఉన్న చోట ఇంకో తమాషా జరుగుతుంది. తుప్పు అది తిన్న ఇనుము కంటే కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి రెండు ముక్కలూ విడిపోయి వెల్డు చీలుతుంది. పాత రిపేర్లలో వేసిన అతుకు పలకల చుట్టూ ఇది ఎక్కువ.

చతురస్రపు గొట్టంతో చేసిన ఛాసిస్ అయితే అనుమానం రెండింతలు పెట్టుకోవాలి. ఛానల్ తన రోగాన్ని దాచుకోలేదు. గొట్టం లోపల నుంచి తుప్పు పడుతుంది, బయట రంగు మెరుస్తూనే ఉంటుంది. పైన పటారం, లోన లొటారం. నీరు బయటికి పోయే కన్నాలు మూసుకుపోయాయేమో చూడాలి, అడుగు వైపు సుత్తితో వరసగా కొట్టుకుంటూ పోవాలి.

తుప్పు కంటే ప్రమాదకరమైనది పగులు. తుప్పు ఏళ్ల తరబడి హెచ్చరిస్తుంది. పగులుకు అంత ఓపిక ఉండదు. ట్రైలర్ రోడ్డు మీద వెళ్తున్నంతసేపూ ఛాసిస్ ఎగుడుదిగుడుల్లో వంగి లేస్తుంటుంది. ఆ అలసట వెల్డు అంచుల దగ్గర పేరుకుంటుంది. డ్రాబార్ ఛాసిస్‌ను కలిసే మూల, కమాన్ పట్టీలను పట్టి ఉంచే హ్యాంగర్లు అతికిన చోటు, ఎవరో ఎప్పుడో కారును పైకి లాగే వించి కోసం కన్నం తొలిచిన రెక్క. పగుళ్లు ముందు కనిపించేది ఇక్కడే. రంగు మీద సన్నటి గీత, ఆ గీత వెంట తుప్పు కారిన మరక ఉంటే అక్కడ బ్రష్‌తో రుద్ది చూడాలి.

ఈ అలసట లెక్క కాస్త క్రూరంగా ఉంటుంది. వెల్డు మీద పడే ఒత్తిడి పెరిగితే దాని ఆయుష్షు సుమారుగా ఆ ఒత్తిడి ఘనం చొప్పున పడిపోతుందని ఇంజినీరింగ్ లెక్కలు చెబుతాయి. అంటే ఒత్తిడి రెండింతలైతే ఆయుష్షు ఎనిమిదో వంతుకు వస్తుంది. నాలుగో వంతు అదనపు బరువు వేస్తూ నడిపినా వెల్డు జీవితకాలం దాదాపు సగమవుతుంది. 'ఎప్పుడూ కొంచెం ఎక్కువే వేస్తాం, ఏమీ కాలేదు' అని యజమాని గర్వంగా చెప్పుకునే ట్రైలర్‌నే ఎక్కువ జాగ్రత్తగా చూడాలి. ఏమీ కాలేదన్న మాట నిజమే కావచ్చు. ఆయుష్షు ఖాతాలో ఎంత ఖర్చయిందో మాత్రం పైకి కనిపించదు.

పగులు ఉన్నంత మాత్రాన ట్రైలర్ పోయినట్టు కాదు. ఒకేచోట, కారణం తెలిసిన పగులైతే మంచి వెల్డర్ బాగుచేయగలడు. పగులు చివర చిన్న కన్నం వేసి అది ఇంకా పాకకుండా ఆపుతారు. పగులు పొడవునా గాడి తీసి, లోపలిదాకా వెల్డు నింపి, దాని మీద బలానికి పలక వేస్తారు. ఆ పలక ఆకారం చూస్తే వెల్డర్ పనితనం తెలుస్తుంది. పని తెలిసినవాడు డైమండు ఆకారంలో కోసిన పలక వేస్తాడు, రెక్కకు అడ్డంగా తిన్నటి గీతలా వెల్డు పడనివ్వడు. తెలియనివాడు నలుచదరపు ముక్క పెట్టి నాలుగు వైపులా దట్టంగా వెల్డు కొడతాడు. కొద్ది నెలల్లో ఆ ముక్క అంచునే కొత్త పగులు పుడుతుంది. పాత ట్రైలర్‌లో అలాంటి అతుకు పక్కన ఇంకో అతుకు, దాని పక్కన మరొకటి కనిపిస్తే ఛాసిస్ మొత్తంగా అలసిపోయిందని అర్థం. అలాంటిదాన్ని వదిలేయడమే మేలు.

ఛాసిస్ తిన్నగా ఉందా లేదా అన్నది దారంతో తేలిపోతుంది. సమతలంగా ఉన్న నేల మీద నాలుగు మూలలా స్టాండ్లు పెట్టి, మూల నుంచి ఎదురు మూలకు దారాలు లాగి రెండు కొలతలూ తీయాలి, అవి సమానంగా ఉండాలి. రెండు దారాలు మధ్యలో ఒకదాన్నొకటి తాకుతూ పోవాలి. వాటి మధ్య బాగా ఎడం ఉంటే ఛాసిస్ మెలితిరిగింది. అలాగే లాగే బండికి తగిలించే కప్లర్ మధ్య నుంచి ఇరుసు రెండు చివరలకూ దూరం కొలిస్తే అవి సమానంగా రావాలి. రాకపోతే ట్రైలర్ పక్కకు ఒరిగి నడుస్తూ టైర్లను తినేస్తుంది. ఈ రెండో లోపం చాలాసార్లు హ్యాంగరో, సెంటర్ బోల్టో సరిచేస్తే పోతుంది. మెలిక మాత్రం పోదు.

ఛాసిస్ ఈ పరీక్షలన్నీ గట్టెక్కిందనుకుందాం. చాలామంది ఇక్కడే ఊపిరి పీల్చుకుని రంగు డబ్బా కోసం వెళ్తారు. ఇంకో ప్రశ్న మిగిలే ఉంది. ఈ ట్రైలర్ ఇప్పటి కార్లకు పనికొస్తుందా?

కార్లు బరువెక్కాయి. 1974లో వచ్చిన మొదటి ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ బరువు సుమారు 800 కిలోలు. అదే పేరుతో ఇప్పుడొచ్చే కారు 1,300 కిలోల ప్రాంతంలో ఉంటుంది. బ్యాటరీ కార్లు వచ్చాక లెక్క మరీ మారిపోయింది. పెద్ద ఎలక్ట్రిక్ ఎస్‌యూవీలు 2,500 కిలోలు దాటుతున్నాయి. జీఎంసీ హమ్మర్ ఈవీ అయితే ఒక్కటే 4,000 కిలోలకు పైన. ఇక ట్రైలర్ సంగతి. అమెరికాలో మామూలుగా కనిపించే రెండిరుసుల కార్ ట్రైలర్‌లో ఒక్కో ఇరుసు 3,500 పౌండ్లది, మొత్తం మోత 7,000 పౌండ్లు, అంటే సుమారు 3,175 కిలోలు. అందులో ట్రైలర్ సొంత బరువు 900 కిలోలు తీసేస్తే కారుకు మిగిలేది 2,275. వించి, స్పేర్ టైరు, పనిముట్ల పెట్టె కూడా ఇందులోంచే పోవాలి. చిన్న పాత కారును అప్పుడప్పుడు మోయడానికి ఇది బ్రహ్మాండంగా సరిపోతుంది. ఎలక్ట్రిక్ ఎస్‌యూవీకి సరిపోదు. యూరప్‌లో వేగం తగ్గినప్పుడు ట్రైలర్ ముందుకు నెట్టుకొచ్చే బలంతోనే పనిచేసే బ్రేకులను 3,500 కిలోల మొత్తం బరువు వరకే అనుమతిస్తారు. కాబట్టి అక్కడా గీత ఆ దరిదాపుల్లోనే ఉంటుంది.

ఎలాగూ బాగుచేస్తున్నాం కదా, ఇంకా పెద్ద ఇరుసులు వేసేస్తే పోలా అన్న ఆలోచన సహజంగా వస్తుంది. పోదు. ట్రైలర్ మోత దానిలో అన్నిటికన్నా బలహీనమైన భాగం ఎంతో అంతే. ఇరుసు పెద్దదైనా కప్లర్ పాతదే, ఛానల్ పాతదే, తయారీదారు బిగించిన రేకు మీద రాసిన మోత అంకె పాతదే. చట్టం చూసేదీ, ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చూసేదీ ఆ అంకెనే.

బరువు ఒక్కటే కాదు, వెడల్పు కూడా. మడ్‌గార్డుల మధ్య చోటు చాలా ట్రైలర్లలో 2.1 మీటర్ల దగ్గర ఉంటుంది. వెడల్పాటి కొత్త కారు ఎక్కుతుంది గానీ, ఎక్కించాక తలుపు తెరుచుకోదు. డ్రైవర్ కిటికీలోంచి దిగాల్సి వస్తుంది. నవ్వొచ్చే విషయమే, వానలో చేసేవారికి తప్ప. ర్యాంపులు పొట్టిగా ఉంటే కిందికి ఉండే కార్ల ముందు బంపర్ గీసుకుంటుంది. ర్యాంపులు మార్చుకోవచ్చు, విప్పదీసే మడ్‌గార్డులు పెట్టుకోవచ్చు. డెక్ పొడవు చాలకపోవడం మాత్రం తీరని లోటు. కారును ముందుకో వెనక్కో జరిపి కప్లర్ మీద బరువు సరిచేసుకోవాలంటే డెక్ మీద చోటు మిగలాలి. అమెరికాలో మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం కప్లర్ మీద పడాలంటారు. అది తగ్గితే వేగంలో ట్రైలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. కారు డెక్‌కు సరిగ్గా అతికినట్టు సరిపోతుంటే జరపడానికి చోటే ఉండదు.

ఛాసిస్ గట్టిది, కొలతలు సరిపోయాయి అంటే బాగుచేయడం దాదాపు ఖాయం. ఇక మిగిలింది బిల్లు. ఇందులో కొన్నిటి గురించి తర్జనభర్జన అనవసరం. టైర్లు పక్క మీద నాలుగంకెల తేదీ చూసి మార్చేయాలి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైనట్టు. ట్రైలర్ టైర్లు అరిగి చావవు, నిలబడి నిలబడి ఎండకు చస్తాయి. గాడులు కొత్తగా ఉన్నాయని వయసు మీరిన టైరును నమ్ముకోవడం మంచిది కాదు. బేరింగులు, గ్రీజు సీళ్లు మొత్తం ఒకేసారి మార్చుకోవడమే తేలిక. ఎలక్ట్రిక్ బ్రేకులైతే షూలు వేరు, మాగ్నెట్లు వేరు కొని కూర్చడం కంటే వెనక పలకతో సహా వచ్చే మొత్తం సెట్టు బిగించడం చాలాసార్లు చవక, పని కూడా తక్కువ. పలకలు మార్చేటప్పుడు ఒక జాగ్రత్త. పుచ్చకుండా రాగి మందు పట్టించిన చెక్క మామూలు ఇనుప స్క్రూలను తినేస్తుంది. దానికి తగిన పూత ఉన్నవో, స్టెయిన్‌లెస్‌వో వాడాలి.

వైరింగు గురించి మాత్రం రెండు మాటలు చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేది దాన్నే. రెండిరుసుల ట్రైలర్‌లో నాలుగు బ్రేకు మాగ్నెట్లు ఉంటే అన్నీ కలిసి సుమారు 12 ఆంపియర్లు లాగుతాయి. దారిలో ఒక తుప్పు పట్టిన జాయింటు 0.1 ఓమ్ అడ్డు పెడితే చాలు, ఒక వోల్టుకు పైగా అక్కడే పోతుంది. లైట్లు వెలుగుతాయి, బ్రేకు మాత్రం మెత్తగా పడుతుంది. జనం షూలు మారుస్తారు, డ్రమ్ములు మారుస్తారు, దోషం ఎర్తు వైరు దగ్గర కూర్చుని ఉంటుంది. పాత వైర్లకు అతుకులు వేయడం మాని మొత్తం వైరింగు కొత్తగా లాగించడం బాగుచేసే పనిలో అన్నిటికన్నా గిట్టుబాటైన ఖర్చు.

ఇరుసుల దగ్గర బిల్లు ఒక్కసారిగా పెరుగుతుంది. కొత్త ఇరుసు మధ్యలో కొద్దిగా పైకి విల్లులా వంగి ఉంటుంది, బరువు పడితే తిన్నగా అవుతుంది. ఖాళీ ట్రైలర్‌లోనే చక్రాల పైభాగాలు లోపలికి వాలి, టైర్లు లోపలి అంచున అరుగుతుంటే ఆ విల్లు పోయినట్టే. కమాన్ పట్టీల ఇరుసైతే మార్చడం కష్టం కాదు. హబ్ నుంచి హబ్‌కూ, కమాను నుంచి కమానుకూ కొలతలు ఇస్తే సరిపోయేది దొరుకుతుంది. లోపల రబ్బరు కడ్డీలతో పనిచేసే టార్షన్ ఇరుసు సంగతి వేరు. ఆ రబ్బరును కర్మాగారంలో గొట్టంలోకి బిగించేస్తారు, వర్క్‌షాపులో తీసి మార్చే వీలుండదు. అది గట్టిపడిందంటే ఇరుసు మొత్తం కొనాల్సిందే. రెండు టార్షన్ ఇరుసులూ, నాలుగు బ్రేకులూ, నాలుగు టైర్లూ ఒకేసారి కావలసి వస్తే ఖర్చు తడిసి మోపెడవుతుంది. ఛాసిస్ గట్టిదై, కొలతలు సరిపోయినా వెనకడుగు వేయాల్సిన సందర్భం ఇదొక్కటే.

బిల్లు తేలాక కొత్తదాని ధరలో సగం దాటితే వద్దు అనే లెక్క ఒకటి ప్రచారంలో ఉంది. చెప్పుకోవడానికి బాగుంటుంది, చూసేది మాత్రం సగమే. పెట్టిన ఖర్చును అది ఇచ్చే ఏళ్లతో భాగించి చూస్తేనే అసలు తేడా తెలుస్తుంది. కొత్తదాని ధరలో 60 శాతం పెట్టి గట్టి ఛాసిస్‌కు ఇంకో 12 ఏళ్ల ఆయుష్షు పోస్తే ఏడాదికి 5 శాతం పడుతుంది. 30 శాతమే పెట్టి నీరసించిన ఛాసిస్‌తో మూడేళ్లు నెట్టుకొస్తే ఏడాదికి 10 శాతం. తక్కువ బిల్లే ఖరీదైన బేరమైంది. దీనికి పని ఎవరు చేస్తారన్నది కలపాలి. వెల్డింగు, రంగు, వైరింగు సొంతంగా చేసుకోగలిగినవారికి బిల్లులో పెద్ద భాగం మిగులుతుంది. మొత్తం వర్క్‌షాపుకు అప్పజెప్పేవారికి కూలీయే సామాను కంటే ఎక్కువ కావచ్చు. రోజూ కార్లు మోస్తూ బతికేవారు ట్రైలర్ షెడ్డులో ఉన్న వారాల అద్దెను కూడా రాసుకోవాలి.

రంగు ఆఖరున రావాలి, దానికి ముందు ఇసుక బ్లాస్టింగ్, అంటే ఇసుకను బలంగా చిమ్మి తుప్పూ పాత రంగూ ఊడగొట్టడం. బ్లాస్టింగ్ కూడా ఒక పరీక్షే. సుత్తికి దొరకని కన్నాలు దాని కింద బయటపడతాయి. అందుకే ఇరుసులు, టైర్లు ఆర్డరు పెట్టేది బ్లాస్టింగ్ అయ్యాకే. తుప్పు పట్టకుండా జింకు పూత వేసే గాల్వనైజింగ్ చేయించాలనుకుంటే ఛాసిస్‌ను పూర్తిగా ఊడదీసి, పాత రంగంతా తొలగించి, సుమారు 450 డిగ్రీల వేడి జింకు తొట్టెలో ముంచాలి. మూసుకుపోయిన గొట్టాలకు గాలి కన్నాలు లేకపోతే లోపలి తేమ ఆవిరై పేలే ప్రమాదం ఉంది. సన్నటి ఛాసిస్ ఆ వేడికి వంకర తిరగవచ్చు. వెల్డింగు పనులన్నీ ముందే ముగించాలి, జింకు పూత మీద వెల్డు కొడితే వచ్చే పొగ పీలిస్తే జ్వరం తెప్పిస్తుంది.

కొత్త ట్రైలర్ కొంటే ఈ బాధలేవీ ఉండవనుకోవడం కూడా సరికాదు. చవక కొత్త ట్రైలర్లలో సన్నటి ఛానళ్లు, మరీ దూరం దూరంగా వేసిన అడ్డ దూలాలు, ఏ రక్షణా లేకుండా వేలాడే వైర్లు కనిపిస్తాయి. ఫ్యాక్టరీ ఇనుము మీది నల్లపొర తీయకుండానే రంగు కొట్టినవి రెండో ఏడాదికే పెచ్చులూడతాయి. పాతదాన్ని పరీక్షించిన సుత్తినీ టేపునూ కొత్తదాని దగ్గరికీ తీసుకెళ్లాలి. పాత ట్రైలర్ ఛానల్ 5 మిల్లీమీటర్లుండి కొత్తది 3 ఉంటే, మెరుస్తున్నది ఏదైనా బలమైనది ఏదో చెప్పనక్కర్లేదు. అల్యూమినియం ట్రైలర్ ఇనుములా తుప్పు పట్టదు, తేలిక కాబట్టి ఆ మిగిలిన కిలోలు కారుకు దక్కుతాయి. అలసటకు మాత్రం ఉక్కు కంటే త్వరగా లొంగుతుంది. ఇక సెకండ్ హ్యాండ్‌ది కొనడం మూడో దారి. వయసు తక్కువన్న మాటే గానీ, ఎంత బరువు మోసిందో అమ్మేవాడికి తప్ప ఎవరికీ తెలియదు. సొంత ట్రైలర్ రోగం కనీసం తెలిసిన రోగం.

వదిలేయాలని తేలిన ట్రైలర్‌లో ఇంకా విలువ ఉంటుంది. మంచి ఇరుసులు, చక్రాలు, వించి, ర్యాంపులు, కట్టుకునే కొక్కేలు విడిగా అమ్ముడుపోతాయి, కొత్త ట్రైలర్‌కూ పనికొస్తాయి. మిగిలిన ఛాసిస్‌ను ఉన్నది ఉన్నట్టు అమ్మితే ఎవరో దానికి రంగు కొట్టి మళ్లీ రోడ్డెక్కిస్తారు. తుక్కుకు పంపేముందు డ్రాబార్‌ను కోసేసి, నంబరు పలక తీసి, రిజిస్ట్రేషన్ రద్దు చేయించాలి.